లడఖ్ దాకా మా బండి వెళ్తుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఖమ్మం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు మే మూడో వారంలో సొంత బండిలో లడఖ్ బయలుదేరి, జూన్ రెండో వారానికి తిరిగి రావాలనుకుంటున్నాం. లేహ్, నుబ్రా, పాంగాంగ్ చూడాలని ఆశ. మాకు 2017 నవంబరులో కొన్న డీజిల్ ఎర్టిగా ఉంది. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పటిదాకా దారిలో ఎక్కడా ఆగిపోలేదు. కానీ ఫ్రెండ్స్ అందరూ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే బండి) లేకుండా లడఖ్ వెళ్ళొద్దంటున్నారు. దీన్ని అమ్మేసి, ఇంకొంత డబ్బు కలిపి 2014 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్ ఒకటి తొమ్మిది లక్షలకు కొందామని చూస్తున్నాను. దానికి పెద్ద టైర్లు, పైన క్యారియర్, ముందు గార్డు, అదనపు లైట్లు వేయించాలంటే లక్షన్నర అవుతుందని ఒక షాపులో చెప్పారు. మనాలి దారిలోని తాండీ దాటితే 365 కిలోమీటర్ల దాకా బంకు లేదట, డీజిల్ డబ్బాలు కూడా పట్టుకెళ్ళాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఎర్టిగా అమ్మకండి. ఆ బండిలోనే వెళ్ళండి.

ఎందుకో వివరంగా చెప్తాను. దూరప్రయాణానికి నమ్మకమైన బండి అంటే, దాని గురించి మీకు ఎంత తెలుసన్నదే ముఖ్యం. ఎర్టిగాకు ఎప్పుడు ఆయిల్ మార్చారో, ఏ పార్టు ఎప్పుడు వేశారో, ఎక్కుడులో ఎలా లాగుతుందో, ఏ శబ్దం కొత్తదో, ఏది మొదటి నుంచీ ఉందో అన్నీ మీకు తెలుసు. పన్నెండేళ్ళ కిందటి బండిని ఏప్రిల్‌లో కొని మేలో 7,000 కిలోమీటర్ల ప్రయాణానికి తీసుకెళ్తే, దాని జబ్బులన్నీ మీకు దారిలోనే తెలుస్తాయి. వాడకుండా ఏళ్ళ తరబడి వదిలేసిన ఫోర్ బై ఫోర్ గేర్‌బాక్సు సరిగ్గా అవసరమైన చోటే మొరాయిస్తుంది.

మీరు చూస్తున్న బండికి ఇంకో పెద్ద చిక్కుంది. మీ దారి ఎలాగూ 44వ నంబరు జాతీయ రహదారే. అది ఢిల్లీ పరిసరాల గుండా వెళ్తుంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జాతీయ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2014, 2015లలో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత అమలు విషయంలో ఆదేశాలు మారుతూ వచ్చాయి. బయలుదేరే ముందు తాజా పరిస్థితి ఏమిటో చూసుకోవాలి. 2014 డీజిల్ బండి ఈ చిక్కులో పడే ప్రమాదం ఉంది. మీ ఎర్టిగాకు 2027 నవంబరు దాకా పదేళ్ళు నిండవు. చలికాలంలో కాలుష్యం బాగా పెరిగినప్పుడు బీఎస్4 కాలుష్య ప్రమాణంతో వచ్చిన డీజిల్ బండ్లను (మీ ఎర్టిగా ఆ రకమే) కూడా ఆపుతుంటారు గానీ, మీరు వెళ్ళేది ఎండాకాలం.

మన ప్రాంతంలో సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్ళకు ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు వరదల్లో బుడమేరు విజయవాడను, మున్నేరు మీ ఖమ్మాన్నే ముంచెత్తడం మీరు కళ్ళారా చూసే ఉంటారు. నీళ్ళలో నానిన బండిని పైపైన శుభ్రం చేసి అమ్మితే కొన్న రోజు ఏ తేడా తెలియదు. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు నెమ్మదిగా మొదలవుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద చార కనిపించవచ్చు. సీటు కింద బోల్టులు, కార్పెట్ కింద రేకు, స్టెప్నీ ఉండే గుంత చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడగండి. ఎప్పటికైనా వేరే బండి కొన్నా ఆర్‌సీ, ఇన్సూరెన్సు మీ పేరు మీదకు మారాక, ఊళ్ళో కొన్ని నెలలు తిప్పిన తర్వాతే దూరం తీసుకెళ్ళండి. లడఖ్‌లో బయటి రాష్ట్రాల అద్దె బండ్లను స్థానిక టాక్సీ యూనియన్ల వాళ్ళు అడ్డుకుంటారు. బండి మీ పేరు మీదే ఉంటే ఆ గొడవ ఉండదు.

ఇక ఫోర్ బై ఫోర్ సంగతి. మీరు చెప్పిన మూడు చోట్లకూ ఎండాకాలంలో అది లేకుండానే వెళ్ళవచ్చు. లేహ్ టాక్సీ స్టాండులో ఏ బండ్లున్నాయో చూస్తే మీ ఫ్రెండ్స్‌కు సమాధానం దొరుకుతుంది. రోజూ నుబ్రా దారిలోని ఖార్దుంగ్ లా కనుమ ఎక్కి దిగే ఇన్నోవాల్లో, జైలోల్లో చాలావరకు రెండు చక్రాలకే పవర్ వెళ్తుంది. ఫోర్ బై ఫోర్ అవసరమయ్యేది మంచు గడ్డకట్టే చలికాలంలో, రోడ్డు లేని లోయల్లో. కుటుంబంతో మీరు అక్కడికి వెళ్ళడం లేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడండి. నుబ్రా నుంచి శ్యోక్ నది పక్కగా నేరుగా పాంగాంగ్ వెళ్ళే దారిలో వాగులు దాటాల్సి వస్తుంది. లోడుతో ఉన్న ఎర్టిగాకు అది మంచిది కాదు. ఒక రోజు ఎక్కువైనా నుబ్రా నుంచి లేహ్‌కు తిరిగొచ్చి పాంగాంగ్ వెళ్ళండి.

మీ ఇంజన్ గురించి భయం అక్కర్లేదు. అది 1.3 లీటర్ల టర్బో డీజిల్. అదే కుటుంబం ఇంజన్ స్విఫ్ట్, డిజైర్‌లలోనే కాకుండా కొన్ని టాటా, ఫియట్ బండ్లలోనూ వచ్చింది. అందుకే నాగ్‌పూర్‌లోనైనా జమ్మూలోనైనా దాన్ని విప్పి బిగించిన మెకానిక్ దొరుకుతాడు, పార్టులు దొరుకుతాయి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి 1,000 మీటర్లకు దాదాపు 10 శాతం శక్తి కోల్పోతుంది. ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఆ లోటును కొంత పూడుస్తుంది. అయినా 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా మీద పికప్ తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది, మొదటి రెండు గేర్లలోనే ఎక్కాల్సి వస్తుంది. అది బండి జబ్బు కాదు, కంగారు పడకండి. పైకి చేరాక ఇంజన్‌ను వెంటనే ఆపేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బోకు మేలు.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. మీ బండికి మొదటి పరీక్ష హిమాలయాల్లో ఉండదు. ఆదిలాబాద్ దాటిన దగ్గర నుంచి నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా దాకా ఉంటుంది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మీరు సరిగ్గా రోహిణి కార్తెలోనో దాని అంచునో ఆ దారిలో ఉంటారు. బయట 45 డిగ్రీలు, లోపల నలుగురు మనుషులు, నిండుగా సామాను, ఏసీ ఆగకుండా, గంటకు వంద వేగం. కూలింగ్‌లో, టైర్లలో ఏ చిన్న లోపమున్నా అక్కడే బయటపడుతుంది.

అందుకే డబ్బు ముందు కూలింగ్ మీద పెట్టండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు ఎప్పుడైనా పోసి ఉంటే లోపల సున్నపు పొర పేరుకుని ఉంటుంది. మొత్తం ఖాళీ చేయించి, కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రాత్రి గడ్డకట్టే చలిలో కూడా అదే కాపాడుతుంది, ఉత్త నీళ్ళయితే గడ్డకట్టి రేడియేటర్‌ను పగలగొడతాయి. రబ్బరు హోస్‌లు నొక్కి చూడండి. గట్టిపడినా, ఉబ్బినా మార్చేయండి. ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు చూపించండి. రేడియేటర్ ప్రెజర్ క్యాప్ (మూత) కొత్తది వేయించండి. కొద్దిపాటి ఖర్చుతో అయిపోయే ఈ పని ఎందుకంత ముఖ్యమంటే, ఖార్దుంగ్ లా ఎత్తులో మామూలు నీళ్ళు 82, 83 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజన్ పనిచేసేది 90 డిగ్రీల చుట్టుపక్కల. ఆ క్యాప్ లోపల ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే కూలెంట్ మరగకుండా ఉంటుంది. పాతబడిన క్యాప్ ఖమ్మంలో ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు, అక్కడ మాత్రం కూలెంట్‌ను బయటికి తన్నేస్తుంది. ఇంజన్ వేడిగా ఉండగా దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి, ముఖ్యంగా పిల్లలు.

తర్వాత టైర్లు. పెద్ద టైర్లు వేయించుకోవద్దు. కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 సైజే వేయండి. ఆ సైజు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. సైజు మారిస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, ఎక్కుడులో ఇంజన్‌కు భారం పెరుగుతుంది, దారిలో ఒకటి చిరిగితే జత దొరకదు. టైరు పక్కన డాట్ అని ఉన్న చోట చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. ఎండకు రబ్బరు లోపల్లోపలే గట్టిపడుతుంది. స్టెప్నీని కూడా ఇలాగే చూడండి. కొన్నప్పటి నుంచి కదపని స్టెప్నీ చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, వయసు మాత్రం బండి వయసే.

గాలి విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ఎండాకాలం కదా అని తక్కువ కొట్టిస్తారు. తక్కువ గాలితో టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, దాంతో వేడెక్కుతాయి, సిమెంటు రోడ్ల మీద పగిలేది అలాంటి టైర్లే. డ్రైవర్ డోర్ దగ్గర అంటించిన చీటీలో పూర్తి లోడుకు ఎంత కొట్టాలో రాసి ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించండి. లేహ్ చేరాక మళ్ళీ ఒకసారి పొద్దున చూడండి. ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తగ్గడంతో గేజీలో టైరు ఒత్తిడి పెరిగినట్టు కనిపిస్తుంది, చలికి టైరులో ఒత్తిడి తగ్గుతుంది. ఈ రెండూ వేర్వేరు వైపులకు లాగుతాయి కాబట్టి లెక్కలు వేయకుండా గేజీతో చూడటమే మేలు. 12 వోల్టుల ఇన్‌ఫ్లేటర్ ఒకటి కొనుక్కోండి. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్‌తో పాటు, మీ సైజుకు సరిపోయే ట్యూబు ఒకటి పెట్టుకోండి. రాయికి తగిలి రిమ్ము వంగితే ట్యూబు వేసుకుని మెల్లగా ఊరు చేరవచ్చు.

బ్రేకుల్లో ప్యాడ్‌లు అందరూ చూస్తారు, బ్రేక్ ఫ్లూయిడ్‌ను ఎవరూ పట్టించుకోరు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే పెద్ద దిగుడులో వేడికి లోపల ఆవిరి బుడగలు వచ్చి, పెడల్ మెత్తగా లోపలికి వెళ్ళిపోతుంది. రెండేళ్ళు దాటి ఉంటే మార్పించండి. ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగడం అలవాటు చేసుకోండి, ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది.

లక్షా పది వేలు తిరిగిన బండికి క్లచ్ గురించి ముందే తేల్చుకోవాలి. పై గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయిందన్నమాట. అనుమానం ఉన్నా ఊళ్ళోనే మార్పించండి. శ్రీనగర్-లేహ్ దారిలోని జోజీ లా కనుమ ఎక్కుడులో లారీల వెనక ఆగుతూ కదులుతూ హాఫ్ క్లచ్ మీద బండి నిలిపితే, సగం అరిగిన ప్లేటు అక్కడే కాలిపోతుంది. ఎక్కుడులో హ్యాండ్‌బ్రేక్ వేసి ఆగడం ఇప్పటి నుంచే ప్రాక్టీసు చేయండి. దీంతో పాటు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు, ఇంజన్ మౌంటింగులు లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి వేసి, ఇంకో జత డిక్కీలో పెట్టుకోండి. టర్బో గొట్టాల్లో ఆయిల్ చెమ్మ, పగుళ్ళు ఉన్నాయేమో చూడమనండి. మీ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గలగల శబ్దం వస్తే మెకానిక్‌కు చెప్పండి. బ్యాటరీ మూడు నాలుగేళ్ళు దాటి ఉంటే మార్చేయండి, చలి దాన్ని ఇంకా బలహీనం చేస్తుంది.

కొత్తగా తగిలించాల్సినది ఒక్కటే ఉంది. ఇంజన్ కింద సంప్ గార్డు. ఎర్టిగా కింద 185 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా లోడు పడ్డాక తగ్గుతుంది. ఒక రాయి ఆయిల్ సంప్‌ను (ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టిని) పగలగొడితే బండి అక్కడే ఆగిపోతుంది. ఆ షాపు వాళ్ళు చెప్పిన లక్షన్నర పనులేవీ వద్దు. ముందు గార్డు అసలు చట్టవిరుద్ధం, కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని తీయించమని రాష్ట్రాలకు చెప్పింది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సరైన సమయానికి తెరుచుకోకపోయే ప్రమాదం కూడా ఉంది. అదనపు లైట్లకు చేసే వైరింగ్ వల్ల ఫ్యూజులు పోతాయి, ఎదుటివాళ్ళ కళ్ళకు దెబ్బ. క్యారియర్ మీద బరువు పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది. మీరు నలుగురే కదా. మూడో వరుస మడిచేసి బరువైన సామాను నేల మీద, సీటుకు ఆనించి పెట్టండి. తీసుకెళ్ళే బట్టల్లో సగం తగ్గించినా ఏమీ కాదు. పైన చెప్పిన పనులన్నిటికీ కలిపి లక్ష లోపే అవుతుంది.

డీజిల్ డబ్బాలు అక్కర్లేదు. తాండీలో ఉన్న ఆ 365 కిలోమీటర్ల బోర్డు మనాలి దారిది. నేను మిమ్మల్ని రెండు వైపులా శ్రీనగర్ దారిలోనే వెళ్ళమంటాను. మే నెలలో మనాలి వైపు కనుమలు మంచుతో ఎప్పుడు తెరుచుకుంటాయో, మళ్ళీ ఎప్పుడు మూసుకుంటాయో నమ్మలేం. శ్రీనగర్ నుంచి కార్గిల్ సుమారు 200 కిలోమీటర్లు, అక్కడి నుంచి లేహ్ ఇంకో 220 దాకా. కార్గిల్‌లో డీజిల్ దొరుకుతుంది. మీ ట్యాంకు 45 లీటర్లు. ఎత్తులో లీటరుకు 13 ఇచ్చినా 500 కిలోమీటర్లు దాటుతుంది. పాంగాంగ్‌కు మాత్రం లేహ్‌లోనో కారులోనో ట్యాంకు నింపుకుని వెళ్ళండి. కారు అంటే లేహ్‌కు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మనుషులు కూర్చునే చోట డీజిల్ డబ్బా పెట్టడం ప్రమాదం. పైగా రోజంతా ఆ వాసనకు పిల్లలకు వాంతులవుతాయి.

శ్రీనగర్ దారిలో ఇంకో లాభం ఉంది. ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటు పడే సమయం దొరుకుతుంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. చేరాక రెండు రోజులు ఎక్కడికీ వెళ్ళకుండా ఉండండి, ముఖ్యంగా డ్రైవ్ చేసే మీరు. తలనొప్పితో ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. ఎవరికైనా బీపీ, ఆస్తమా ఉంటే ముందే డాక్టర్‌ను కలవండి. వాగు నీళ్ళు రోడ్డు మీద పారే చోట్లు ఉంటే పొద్దున్నే దాటేయాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి నీరు పెరుగుతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ ఉందో లేదో చూసుకోండి. నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్తే మామూలు పాలసీ డబ్బు ఇవ్వకపోవచ్చు.

ఫోన్ల విషయం ఇప్పుడే చూసుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో, లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. కనీసం ఇద్దరి నంబర్లు మార్పించుకోండి. అయినా చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేయడం కుదరదు కాబట్టి జాకీ, వీల్ స్పానర్, జాకీ కింద పెట్టే చెక్క ముక్క, టో తాడు, జంపర్ కేబుళ్ళు, ఒక లీటరు ఇంజన్ ఆయిల్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, హోస్ క్లిప్పులు, ఎం-సీల్ మీ దగ్గరే ఉండాలి. బండి రెండో తాళం మీ ఆవిడ దగ్గర ఉంచండి. మీరిద్దరూ ఇంటి ముందే ఒకసారి టైరు విప్పి బిగించండి. టైర్ల షాపులో మెషీన్‌తో బిగించిన నట్లు చేత్తో ఊడవు, ఆ సంగతి ఇంటి దగ్గరే తెలిస్తే మంచిది.

పనులన్నీ ఏప్రిల్ మొదటి వారానికల్లా పూర్తి చేయించండి. బయలుదేరే ముందు రోజు సర్వీసింగ్ చేయించడం చాలా మంది చేసే తప్పు. సరిగ్గా బిగించని బోల్టు, కారే ఫిల్టర్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే బయటపడతాయి. అవి మీ ఊరి దగ్గరే బయటపడాలి. అందుకే ఏప్రిల్‌లో ఒక శనివారం నలుగురూ ఎక్కి, లడఖ్‌కు పెట్టే సామానంతా పెట్టుకుని, భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగి రండి. ఏసీ వేసే ఉంచండి. ఘాట్ పైన ఆపి టెంపరేచర్ ముల్లు చూడండి. దిగాక చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుందేమో చూడండి. మర్నాడు ఇంటి దగ్గర బండి కింద అట్టముక్క పరిచి, ఏ చుక్క ఎక్కడి నుంచి పడిందో చూడండి. కూలెంట్ మట్టం తగ్గిందా, ఆయిల్ తగ్గిందా చూసి రాసుకోండి. ఈ ప్రయాణంలో తేలిన లోపాలు సరిచేయించి, ఇంకో రెండు వారాలు ఊళ్ళో మామూలుగా తిప్పండి.

క్లచ్ గురించి మెకానిక్ ఏమన్నాడో, మీ అయిదు టైర్ల మీద ఉన్న ఆ నాలుగంకెలు ఏమిటో నాకు రాసి పంపండి. వాటిని బట్టి ఏది ముందు మార్చాలో చెప్తాను.